చూస్తనే ఉంటే పగిలిన అద్దం

అద్దం పగిలినప్పుడు దాని పక్కన ఎవరూ లేరు. గొడవంతా అందుకే వచ్చింది. ఎవడైనా రాయి విసిరి ఉంటే వాణ్ని నాలుగు తిట్టి, కొత్త అద్దం వేయించుకుని ఊరుకునేవాళ్లం. రాయి లేదు, విసిరినవాడూ లేడు. ఎండలో నిలబెట్టిన కారు వెనక అద్దం, మధ్యాహ్నం పూట, దానంతట అదే డబ్బుమని పేలింది. దానంతట అదే జరిగిందంటే మావాళ్లకు సహించదు. ఎవరో ఒకరిని పట్టుకొచ్చి దాని పక్కన నిలబెడితే తప్ప వాళ్లకు అన్నం సయించదు.

నాది సిరిసిల్ల. సగం జీవితం సాంచెలకు, అంటే మరమగ్గాలకు, కండెలు చుట్టడంలోనే పోయింది. అక్షరాలు నాకు జుట్టు నెరిశాక వచ్చాయి, మా వాడకట్టులో ఆడవాళ్లను కూర్చోబెట్టి సాయంత్రాలు చదువు చెబితే. పుస్తకంలో నేర్చుకున్నది తక్కువ. బస్సులో ముందు సీటు పట్టుకుని, ముందు పోయే బండ్ల వెనక అద్దాలు చదువుకుంటూ నేర్చుకున్నదే ఎక్కువ. దేవుళ్ల పేర్లు, పిల్లల పేర్లు, అమ్మానాన్నల దీవెన, ఏ దేశంలో చెమటోడ్చి కొన్నాడో ఆ దేశం జెండా. ఇప్పుడు ఎవడైనా ఒత్తు తప్పు వేయిస్తే బస్సులోంచే తిడతాను. ఇన్ని అద్దాలు చదివినదాన్ని, ఆ అద్దం ఎందుకు పగులుతుందో మాత్రం నాకు తెలియదు. తెలియనిది తెలియదంటాను. మిగతావాళ్లు అనరు. నా చిరాకంతా అక్కడే.

బిడ్డను కోరుట్లలో ఇచ్చాం. అల్లుడు దుబాయ్‌లో పనిచేస్తాడు. కారు అతని సంపాదన. ఇక్కడ దాన్ని నడిపేది అతని తమ్ముడు, సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఇంట్లో పెత్తనం వాళ్ల అమ్మది, అంటే నా వియ్యపురాలిది. మేమిద్దరం ఒక ఈడువాళ్లం, ఒకరినొకరం వదినె అని పిలుచుకుంటాం. లోపల ఏమనుకుంటామో అది వేరే సంగతి. మనవడికి ధర్మపురిలో పుట్టువెంట్రుకలు తీయించాలని వాళ్లకు మొక్కు ఉంది. ఆ పనికని నేను ముందుగానే కోరుట్ల చేరాను.

ఎదురింట్లో ఉండే ఆమె బీడీలు చేస్తుంది. భర్త మస్కట్‌లోనే ఉండిపోయాడు, ఇల్లు స్లాబు దగ్గరే ఆగిపోయింది. మేడ మీద ఇనుప చువ్వలు తుప్పుపట్టి నిలబడి ఉంటాయి. బాలింతగా కోరుట్ల వచ్చిన నా బిడ్డకు జ్వరం పట్టుకున్నప్పుడు నేను సిరిసిల్లలో కాలు విరిగి మంచంలో ఉన్నాను. పసివాణ్ని భుజాన వేసుకుని తిరిగింది ఆ ఎదురింటి ఆమే. నా బిడ్డ ఆమెను చిన్నమ్మ అంటుంది. నేను చెల్లె అంటాను. గుండు చేయించాక పిల్లవాడి తలకు పెట్టడానికి మెత్తటి తెల్లబట్టతో చిన్న టోపీ కుట్టి పెట్టింది. ధర్మపురికి మాతో పాటు కారులో రావడానికి ఎప్పుడో ఒప్పుకుంది. పాపం, ఆ ఒక్క రోజు బీడీల పని మానుకోవడానికి ముందు నుంచే ఎక్కువ ఆకు కత్తిరించుకుంటూ ఉంది.

అద్దం పగలడానికి ముందురోజు సాయంత్రం అల్లుడి తమ్ముడు కారు కడిగాడు. ఎండకు కాలిపోతున్న అద్దం మీద బకెట్లకు బకెట్లు చల్లనీళ్లు కుమ్మరించాడు. తుడిచి, మనవడి పేరు స్టిక్కరు తెచ్చి వెనక అద్దం నిండా అంటించాడు. పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలు. నేను గేటు దగ్గరే నిలబడి కూడబలుక్కుని చదివాను, తప్పు లేదు. ఎదురింటి ఆమె చాట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. తల ఎత్తి చూసింది.

"అబ్బ, ఎంత మంచిగున్నదే కారు! పెండ్లిపిల్ల తీరు మెరుస్తున్నది."

అన్నదంతే. ఆ మాటలో నాకు ఏ తప్పూ కనపడలేదు. కడిగిన కారు మెరవక ఏం చేస్తుంది?

మర్నాడు అన్నాలు తిని నడుం వాల్చాం. వాకిట్లో పెద్ద చప్పుడు. నేను టైరు పేలిందనుకున్నాను. వియ్యపురాలు గ్యాసు బండ అనుకుని వంటింట్లోకి పరుగెత్తింది. నా బిడ్డ పిల్లవాణ్ని ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తింది. అందరం తలా ఒక దిక్కు పోయి, ఆఖరికి వాకిట్లో తేలాం.

వెనక అద్దం అద్దంలా లేదు. మొత్తం తెల్లబడి, దొడ్డుప్పు పరిచినట్టు అయిపోయింది. స్టిక్కరు అంటించిన చోట ఆ గింజలు అక్షరాలను పట్టుకుని నిలబడి ఉన్నాయి. మిగతాచోట పైనుంచి జలజలా రాలుతున్నాయి. రాలినవన్నీ పటికబెల్లం ముక్కల్లా ఉన్నాయి, ఒక్కటీ కత్తిలా కోసుకునేలా లేదు. గాలి కొడితే ఇంకొన్ని రాలేవి. చూస్తుండగానే నా మనవడి పేరులో ఒక గుడి ఊడి కింద పడింది.

ఎదురింటి ఆమె అరుగు మీద లేచి నిలబడి ఉంది, చేతిలో సగం చుట్టిన బీడీ.

"ఎవలు కొట్టిండ్రే?" అని అరిచింది వియ్యపురాలు.

"ఎవ్వలు గొట్టలేదక్కా. పిట్ట గూడ రాలే. నేను చూస్తనే ఉన్న, దానంతటదే పలిగింది."

నిజం చెప్పింది. ఇరుక్కుపోయింది.

వియ్యపురాలు మెల్లగా నా వైపు తిరిగి, పెదాలు కదిలీ కదలకుండా, "ఇన్నవా వదినె? చూస్తనే ఉన్నదట" అంది.

"కండ్లున్నయ్, చూస్తది. నువ్వు గూడ చూడు. ముంగట ఉన్నది కద కారు."

"నిన్న ఏమన్నదో ఇన్నవు కద?"

"ఇన్న. మంచిగున్నది అన్నది. కరాబున్నది అంటే ఊకుంటవా?"

ఆమె లోపలికి పోయి గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చి, కారు చుట్టూ తిప్పి, తీసుకుపోయి నిప్పుల్లో వేసింది. ఘాటు వస్తే మామూలు దిష్టి, రాకపోతే గట్టి దిష్టి అని లెక్క. ఘాటు రాలేదు. అవి ఎప్పటివో, డబ్బా అడుగున పురుగు పట్టిన మిరపకాయలు. ఘాటు ఎక్కడినుంచి వస్తుంది? ఆ మాట అంటే, "నీకన్ని ఎగతాళే" అని ఇంకా ముడుచుకుపోయింది.

ఈలోగా వాడకట్టంతా వచ్చి చేరింది. ఒకడు కోతులన్నాడు. పై ఇంటి నుంచి కోతి దూకి ఉంటుందట. కోతి దూకితే పైకప్పు సొట్టపోవాలి గదరా అంటే, సన్న కోతి అన్నాడు. ఇంకొకడు సెల్‌ఫోన్ టవర్ అన్నాడు. ఇంకొకడు, ఏసీ వేసి ఆపడం వల్లనే అన్నాడు, కారు రెండు రోజులుగా కదలనే లేదని తెలిసి కూడా. అల్లుడు దుబాయ్ నుంచి వీడియో కాల్‌లోకి వచ్చాడు. అద్దం వైపు ఫోన్ తిప్పితే, "కెమెరాలు చూడుండ్రి, కెమెరాలు చూడుండ్రి" అని ఒకటే పాట. ఆ వాడకట్టులో కెమెరా ఎవడు పెట్టాడు, ఆయన పెట్టాడా? అందరికీ ఒక జవాబు ఉంది. అద్దం దగ్గరికి పోయి వంగి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

వియ్యపురాలు చీపురు తెచ్చి గింజలన్నీ ఊడ్చేయబోయింది. అల్లుడి తమ్ముడు ఆపాడు. జగిత్యాలలో బండ్ల అద్దాలు వేసే దుకాణానికి ఫోన్ చేస్తే, ముందు ఫోటోలు తీసుకోండి, ఇన్సూరెన్స్‌వాళ్లు అడుగుతారు, చేతులతో పీకకండి, అద్దం కరీంనగర్ నుంచి తెప్పిస్తాం, రేపు బండి తీసుకురండి అన్నారట. నేను సిరిసిల్ల నుంచి బట్టలు చుట్టుకొచ్చిన పెద్ద ప్లాస్టిక్ కవరు విప్పి ఇచ్చాను. దాన్ని వెడల్పు టేపుతో వెనక తలుపుకు అంటించాడు. కారు తలకు దెబ్బ తగిలి కట్టు కట్టించుకున్న మనిషిలా తయారైంది.

సాయంత్రం చాయ్ తాగుతుంటే వియ్యపురాలు తేల్చేసింది. "ధర్మపురికి ఎదురింటామె అద్దు. పిలగాని తల మీద వెంట్రుకలు తీసే జాగ. గంత చూపు పిలగాని మీద పడద్దు."

నా బిడ్డ గిన్నెలు తోముతున్నది తోముతున్నట్టే ఆగింది. "పొద్దుందాక ఎత్తుకున్నప్పుడు పడని చూపు ఇప్పుడు పడ్తదా అత్తమ్మా?" అంది. అంతే అంది. ఆ తర్వాత గిన్నెలు మాట్లాడాయి, వీధి చివరిదాకా వినపడేలా.

ఇళ్లు ఎదురెదురు. ఇటు గుసగుసలాడితే అటు వినపడుతుంది. దీపాలు పెట్టే వేళకు ఎదురింటి తలుపు మూసి ఉంది. పొద్దున వాకిలి ఊడుస్తూ నా బిడ్డ గేటు మీద ఒక పొట్లం చూసింది. అందులో టోపీ.

నేను రోడ్డు దాటి పోయాను. ఆమె లోపల కూర్చుని ఆకు కత్తిరిస్తోంది, నన్ను చూసి లేవలేదు.

"టోపి గేటుకు పెట్టినవెందుకే?"

"పిలగానికే గదక్కా కుట్టింది. మీరే పెట్టుండ్రి."

"నీ చేతులకేమొచ్చింది?"

"చేతులకేం రాలే, కండ్లకొచ్చింది." కత్తెర ఆపకుండా అంది. "నేను చూడలేదు అంటే అయిపోతుండె. లోపట పండుకున్న అంటే అయిపోతుండె. నా నోరే నాకు శని. చూస్తనే ఉన్న అంటి."

"చూసినవు, చెప్పినవు. తప్పేంది?"

"అక్కా, నా మొగడు కారు కొనలే. నా ఇల్లు గట్లనే ఉన్నది. నా అసొంటిది మంచిగున్నది అంటే మందికి ఇంకో తీరు ఇనస్తది. నాకు ఎరుకనే. ఎరుకుండి గూడ అన్న."

నాకు కోపం ఎవరి మీద వచ్చిందో నాకే తెలియలేదు. ఆమె మీద కూడా వచ్చింది, అంత తొందరగా ఒప్పుకున్నందుకు. "నువ్వు తయారుండు. నేను అద్దం సంగతి చూసొస్త" అని లేచి వచ్చాను. అద్దం సంగతి చూడడమంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు.

అల్లుడి తమ్ముడితో జగిత్యాలకు నేనూ బయలుదేరాను. "నువ్వెందుకత్తమ్మా ఎండల" అన్నాడు. "మీరు అడుగరు కాబట్టి" అన్నాను. దారంతా ఆ ప్లాస్టిక్ కవరు టపటపా కొట్టుకుంటూనే ఉంది. గుంత వచ్చినప్పుడల్లా వెనక సీటులో గింజలు గలగలమన్నాయి. ఒక గింజ ఎక్కడినుంచో వచ్చి నా చెప్పులోకి దూరింది. పక్క అద్దాలన్నీ దించి ఉంచాడు, వెనక తెరిచి ఉంటే పొగ లోపలికి లాక్కుంటుందని. ఎండ, దుమ్ము, లారీల హారన్లు, అన్నీ నా మీదికే.

దుకాణం ముందు పాత అద్దాలు గోడకు ఆనించి ఉన్నాయి. దుకాణమాయన నడివయసువాడు, నోట్లో గుట్కా. టేపు పీకి చూసి, "పలిగింది" అన్నాడు. అది మాకూ తెలుసు.

"ఎందుకు పలిగింది కొడుకా?" అన్నాను.

"గ్లాసు అన్నంక పలుగుతదమ్మా."

"మనుషులన్నంక సస్తరు. డాక్టరు దగ్గరికి పోతే గట్లనే చెప్తడా?"

ఆయన గుట్కా పక్కకు ఉమ్మి వచ్చి మొదలుపెట్టాడు. ఎండకు పగలవచ్చట. కాలిన అద్దం మీద చల్లనీళ్లు పోసినా పగలవచ్చట. డిక్కీ తలుపు దబదబా వేస్తే కూడా. కంపెనీలోనే అద్దం లోపల ఏదైనా నలుసు ఉండిపోతే, ఎప్పుడో ఏళ్లకు పగలవచ్చట. స్టిక్కరు తీయడానికి బ్లేడుతో గీకినా, పాత గమ్ము ఎండి అద్దం బిగుసుకుపోయినా, ఇనుము తగిలినా. ఇన్ని చెప్పి, "గిండ్ల ఏదన్న ఒకటి" అన్నాడు.

"గిండ్ల ఏదో ఒకటి అంటే మా వాడకట్టోళ్లు గూడ చెప్పిండ్రు. కోతి ఒక్కటే నువ్వు చెప్పలే."

అల్లుడి తమ్ముడు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. నేను వదల్లేదు. "పోనీ, అద్దం అతికియ్యరాదా? ముందటద్దం పర్రె పడితే మందు పోసి ఆపుతరట గద?"

"ముందటిది వేరేనమ్మా. అది రెండద్దాల నడుమ పొర పెట్టి అతికిస్తరు. పలిగినా పొర పట్టుకుంటది. వెన్కది ఒక్కటే అద్దం. కాల్చి, ఒక్కపారి గాలి గొట్టి సల్లార్పుతరు. పైన బిర్రుగ ఉంటది, లోపట గుంజుతుంటది. పైన గట్టిదే, సుత్తెతోని నడుమల కొట్టినా ఓర్చుకుంటది. గని అంచుకు సన్న దెబ్బ తగిలి లోపటిదాక పోయిందనుకో, మొత్తం ఒక్కపారే గింజలైతది. గింజలకు కుట్లేస్తమా?"

ఇది నాకు అర్థమైంది. సాంచె మీద పడుగు దారాలు అతిగా బిర్రుగా, బిగించి ఎక్కిస్తే ఇలాగే ఉంటుంది. చూడ్డానికి గట్టిగా, చక్కగా, వేలితో మీటితే మోగేలా. ఎక్కడో పక్కన ఒక్క పోగు తెగితే చాలు, పక్కవి వరసగా పోతాయి. నిలబడి చూస్తున్నవాడు, నేనేం చేయలేదు అంటాడు. నిజమే, చేయలేదు.

"అట్లయితే దెబ్బ ఎక్కడ తగిలింది?"

"ఎవలికెరుక అమ్మా? రాలిపోయినంక చెప్పరాదు."

"అంత రాలిపోలే. నా మనుమని పేరు ఇంక అతుక్కునే ఉన్నది. చూడు."

ఆయనకు నన్ను వదిలించుకోవడం కష్టమని తెలిసింది. వంగి చూశాడు. స్టిక్కరు పట్టుకున్న ముక్క మీద పగుళ్లన్నీ చీపురు పుల్లల్లా ఒకే వైపు నుంచి వచ్చాయి. వేలితో వాటిని వెనక్కి నడిపించుకుంటూ పోయాడు. అన్నీ కింద ఎడమ మూలకు పోయాయి. ఆ మూల అంచులో చిన్న చిప్ప లేచిపోయి ఉంది, గోరంత.

"గీడ మొదలైనట్టున్నది. పాత దెబ్బ. లోపటి దిక్కు నుంచి తగిలింది. నిన్న మొన్నటిది కాదు. కడిగినప్పుడు ఇంకింత పర్రె వడి ఉంటది, ఎండకు అయిపోయింది. నేను దేవున్ని కాదు, గని గట్లనే అనిపిస్తున్నది."

లోపలి వైపు నుంచా? నేను డిక్కీలోకి తల పెట్టాను. అక్కడ సామాను మీద కప్పే అట్టపలక ఉంటుంది. తలుపు ఎత్తినప్పుడు అది కూడా లేవడానికి రెండు పక్కలా దారాలు కొక్కేలకు తగిలిస్తారు. ఎడమ కొక్కేనికి ఆ దారం పక్కనే ఇంకో నల్లదారం ముడివేసి ఉంది. దానికి పటిక ముక్క. పటిక కింద ఒక ఉక్కు మొన.

ఆ మొనను నేను చీకట్లో తడిమినా గుర్తుపడతాను. నాడె మొన అది. సాంచె మీద అటూ ఇటూ ఎగురుతూ దారం మోసుకుపోయే కర్ర నాడె. దాని రెండు కొనలకూ ఉక్కు మొనలు ఉంటాయి. సూదిగా ఉంటాయి, గోడకు గీస్తే సున్నం రాలుతుంది. సాంచె మీదినుంచి ఎగిరివచ్చి తగిలితే మనిషి పన్ను ఊడుతుంది.

"గిదేంది?" అన్నాను.

అల్లుడి తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. "అమ్మ కట్టింది అత్తమ్మా. నాయినది పాత నాడె ఉండె. ముందట నిమ్మకాయలు కట్టినం గద, వెన్కకెళ్లి చూసేటోళ్ల సంగతేంది అని గిది కట్టింది. ఇనుముంటే దిష్టి తగులదని."

"ఎప్పుడు?"

"కారు తెచ్చినప్పటి సంది గదే ఉన్నది."

నేను ఆ మొనను దారం చివర ఊపాను. ఊగి, సరిగ్గా ఆ మూలకు తగిలింది. టిక్‌మంది. కోరుట్ల నుంచి జగిత్యాలకు ఎన్ని గుంతలు, ఎన్ని స్పీడ్ బ్రేకర్లు. వీళ్ల ఇంట్లో డిక్కీ తలుపు నెమ్మదిగా వేసినవాడు ఒక్కడైనా ఉన్నాడా? బియ్యం బస్తా వేసినా దబ్బున, బిడ్డకు మందులు తెచ్చినా దబ్బున. దిష్టి తగలకూడదని కట్టిన ఇనుము, కారు కదిలినప్పుడల్లా అద్దాన్ని పొడుస్తూ కూర్చుంది. ఎదురింటి ఆమె నోరు తెరిచి ఒక మంచి మాట అనేదాకా ఆగి, ఆ మర్నాడు పగిలింది. నాకు నవ్వు రాలేదు. తల కొట్టుకోవాలనిపించింది, నాది కాదు.

దారం తెంపి మొనను కొంగున ముడివేసుకున్నాను.

పని మధ్యాహ్నం దాటేదాకా సాగింది. మిగిలిన అద్దాన్ని బట్ట పరిచి దాని మీదికి దించుకున్నారు. సీటు కుట్లలో, తలుపు సందుల్లో ఉన్న గింజలను మిషన్ పెట్టి లాగారు. ఎన్ని లాగినా ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది, కొన్నాళ్లు పిల్లల్ని వెనక చెప్పుల్లేకుండా ఎక్కించొద్దని చెప్పారు. పాత గమ్ము కోసి, చుట్టూ శుభ్రం చేసి, నల్లటి కొత్త గమ్ము తాడులా పోసి, ఇద్దరు పట్టుకుని అద్దం కూర్చోబెట్టారు. అద్దంలో ఉండే సన్నటి వేడితీగలకు వైరు కలిపి, అది పనిచేస్తుందో లేదో చూసుకున్నారు. అద్దం జారకుండా టేపులు వేశారు.

"గమ్ము ఆరేదాక కడగకుండ్రి. డోర్లు దబ్బదబ్బ ఎయ్యకుండ్రి, లోపటి గాలి వెన్కద్దాన్ని తంతది. పక్కద్దం సందు పెట్టి ఉంచుండ్రి. రేపు ధర్మపురికి మెల్లగ పోవచ్చు" అన్నాడు దుకాణమాయన. తర్వాత అలవాటుగా, "స్టిక్కర్ ఎయ్యాల్నా అమ్మా? మంచి డిజైన్లున్నయ్" అని అడిగాడు.

"ఏం రాయద్దు" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి వియ్యపురాలు గేటు దగ్గరే ఉంది. కారు వెనక్కి వచ్చి కొత్త అద్దం చూసింది, పేరు లేదని మొహం చిట్లించింది. నేను కొంగు ముడి విప్పి మొన ఆమె అరచేతిలో పెట్టాను. జగిత్యాలలో చూసిందంతా చెప్పాను. నెమ్మదిగా చెప్పడం నాకు చేతకాదు. వీధికి వినపడేలానే చెప్పాను.

ఆమె మొనను తిప్పితిప్పి చూసింది. వాళ్లాయన చేతిలో తిరిగిన నాడె మొన. ఒక్క క్షణం, ఇక తలదించుకుంటుందనుకున్నాను. నా పిచ్చి.

"చూసినవా వదినె? ఇనుము ఎంత పని చేసిందో! వచ్చిన దిష్టంత గుంజుకున్నది. గుంజుకుని అద్దం మీదికి తీసుకపోయింది. లేకుంటే పిలగాని మీదికి వస్తుండె."

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం? నా బిడ్డ గుమ్మంలో నిలబడి నా మొహంలోకి చూస్తోంది, అమ్మ ఇక ఊరుకుంటుందా అన్నట్టు. నాకూ ఇక ఊరుకుందామనే అనిపించింది. అంతలో ఆమె మాటే నాకు పట్టుకొమ్మలా దొరికింది.

"అంత గుంజుకున్నదా?"

"అంత."

"ఏమన్న మిగిలిందా?"

"ఇంకేం మిగుల్తది? అద్దమే గింజలైపాయె."

"అట్లయితే ఎదురింటామె కండ్లల్ల గిప్పుడు దిష్టి లేదు. మనందరికంటే సాఫున్నయ్. పిలువు."

వియ్యపురాలు లోపలికి పోయింది. మళ్లీ వచ్చింది. నా బిడ్డ పెదవి కొరుక్కుంటూ నిలబడింది, నవ్వితే పని చెడుతుందని. చివరికి వియ్యపురాలు గేటు పట్టుకుని, ఎదురింటి మూసిన తలుపును కాకుండా పైన తుప్పుపట్టిన చువ్వల్ని చూస్తూ అరిచింది.

"ఓ చెల్లె! రేపు తెల్లారక ముందే తయారుండు. మళ్ల నీకోసం బండి ఆపుడు కాదు!"

లోపల్నుంచి జవాబు వచ్చింది. "నాకు బీడీలున్నయ్."

"బీడీలెక్కడికి పోతయే? వస్తే రా, లేకుంటే నీ ఇష్టం. గా టోపి ఎట్ల కడ్తరో మాకెరుక లేదు."

టోపీకి రెండు దారాలు. కట్టడం ఎవరికి తెలియదు? అయినా ఆమె నోటినుంచి అంతకంటే రాదని నాకు తెలుసు. తలుపు తెరుచుకుంది.

మర్నాడు గోదావరి ఒడ్డున మనవడు లోకం ఏకమయ్యేలా ఏడ్చి గుండు చేయించుకున్నాడు. స్నానం చేయించి, తలకు చందనం పూసి, దర్శనం చేసుకుని వచ్చాక ఎదురింటి ఆమె వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని టోపీ పెట్టి, గడ్డం కింద ముడివేసింది. పిల్లవాడు ఏడుపు ఆపి ఆమె ముక్కు పట్టుకున్నాడు. ఆ మొహం, ఆ టోపీ, ఎవరైనా ఒక మాట అనకుండా ఉండలేరు. ఆమె నోరు తెరిచింది. వియ్యపురాలు ఆ నోటి వంకే చూస్తోంది. నా బిడ్డ కూడా చూస్తోంది. ఆమె నోరు మూసింది.

"చెవులు పెద్దగున్నయ్" అంది.

"మా ఆయనవే" అని వియ్యపురాలు ఒక్కసారిగా ఊపిరి వదిలి నవ్వింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

తిరుగు దారిలో ఎదురింటి ఆమె వెనక సీటులో నా పక్కన కూర్చుంది, ఒళ్లో పిల్లవాడు నిద్రపోయాడు. కొత్త అద్దంలోంచి వెనక రోడ్డంతా కనిపిస్తోంది, వరి కోసిన మళ్లు, మా వెనకే వస్తున్న ఆటో. ఆమె ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

"చూడవే ఒక్కపారి. కొత్తద్దం ఎట్లున్నది?"

"ఎండ కొడ్తున్నదక్కా" అని కళ్లు మూసుకుంది. కోరుట్ల వచ్చేదాకా తెరవలేదు. దిగేటప్పుడు పిల్లవాణ్ని నా చేతికిచ్చి, కారు తలుపును రెండు చేతులతో, చప్పుడు కాకుండా నెట్టింది. అది సరిగా పడలేదు. అల్లుడి తమ్ముడు మళ్లీ తెరిచి వేయాల్సి వచ్చింది.

అప్పుడు నాకు ఓపిక అయిపోయింది. వాకిట్లో, కారు వెనక నిలబడ్డాను. అద్దం పగిలిన రోజు కోతి అన్నవాడూ, టవర్ అన్నవాడూ, అందరూ అరుగుల మీదే ఉన్నారు.

"ఇనుండ్రి అందరు!" అన్నాను. "కారు మంచిగున్నది. అద్దం మస్తు మంచిగున్నది, పెండ్లిపిల్ల తీరు. నా మనుమడు ఇంక మంచిగున్నడు, గుండుతోని, టోపితోని. నేను చూస్తనే ఉన్న. రేపు ఏమన్న పలిగితే నా పేరు చెప్పుండ్రి, సిరిసిల్లకు రాండ్రి."

"థూ, థూ, నోరు మూయి వదినె!" అని వియ్యపురాలు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టడానికి పరుగెత్తుకొచ్చింది. ఎదురింటి ఆమె తన గుమ్మం దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది, కారును చూసింది, పూర్తిగా, రెండు కళ్లూ తెరిచి.

"అవునక్కా, మంచిగున్నది" అంది.